మట్టి దులుపుకుని లేచినవాడు

సంక్రాంతి దగ్గర పడిందంటే మా గోదావరి గట్టు పొడుగునా, భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల దాకా, ఊరూరా రాత్రిళ్ళు దీపాలు వెలుగుతాయి. కబడ్డీ పోటీల దీపాలు. కోత అయిన మడినో, బడి ఆవరణనో చదును చేసి, నీళ్ళు చల్లి, ముగ్గుపిండితో గీతలు గీస్తారు. కరపత్రాలు అచ్చు వేయిస్తారు. ఆ కరపత్రాలు పోగుచేయడం నాకొక పిచ్చి. మొదటి బహుమతి ఎంతో, దాత ఎవరో, ప్రవేశ రుసుము ఎంతో, జట్లకు భోజనం ఉందో లేదో, అన్నీ వాటిలో ఉంటాయి. ఒకదానిలో బహుమతిగా ఇచ్చే పొట్టేలు బరువు కూడా వేశారు! ఆటగాడు పడిపోతే ఏం చేస్తారన్న సంగతికి వచ్చేసరికి మాత్రం, నా దగ్గరున్న పాతిక కరపత్రాలలోనూ కనిపించేది ఒకే ఒక్క వాక్యం: “గాయములైన యెడల కమిటీ వారు బాధ్యులు కారు.”

ఈ మాట ఇప్పుడెందుకు ఎత్తానంటే, దుమ్ముగూడెం వైపు నుంచి ఒక తల్లి ఉత్తరం రాసింది. ఆమె కొడుకుకు పదిహేడేళ్ళు. పోయిన వారం ఆటలో కూతకు వెళ్ళి, పట్టుబడి, తల నేలకు కొట్టుకుని పడ్డాడట. స్పృహ తప్పలేదు. లేచాడు. మైకాయన “మట్టి దులుపుకుని లేచాడు, చప్పట్లు కొట్టండి!” అన్నాడు. కొట్టారు. రెండో సగమంతా ఆడాడు. ఇంటికొచ్చాక, తన జట్టు గెలిచిందో ఓడిందో అమ్మను అడిగాడట. ఇప్పటికీ తలనొప్పి తగ్గలేదు, వెలుతురు చూడలేకపోతున్నాడు. మందుల షాపులో గోలీ తెచ్చుకుని మింగుతున్నాడు. వచ్చే ఆదివారం ఇంకో పోటీ ఉంది. తండ్రి పంపుతానంటున్నాడు. “మా వాడు ఫోనులో అమెరికావాళ్ళ ఆట చూపించి, వాళ్ళు అంతేసి దెబ్బలు తిని ఆడుతుంటే నాదేమంత దెబ్బ అంటున్నాడు. పంపమంటారా, వద్దంటారా?” అని ఆమె ప్రశ్న.

పంపవద్దు తల్లీ. కారణాలు తరవాత చెబుతాను గాని, ముందు ఈ ఆదివారం వాణ్ణి ఇంట్లో కూచోబెట్టి, భద్రాచలం తీసుకువెళ్ళి డాక్టరుకు చూపించు.

ఇక ఆ అమెరికావాళ్ళ ఆట సంగతి. పేరు ఫుట్‌బాలే గాని అందులో కాలికి పని బహు తక్కువ. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో ఇరికించుకుని ఒకడు పరిగెడతాడు. పదకొండు మంది వాణ్ణి నేలకూల్చడానికి వస్తారు. కూతా, ఊపిరి బిగపట్టడమూ లేవుగాని, ఒక్కణ్ణి పదిమంది పట్టడమన్న మూలసూత్రం మన చెడుగుడుకు దూరపు చుట్టమే. మన కుర్రవాడు దాన్ని చూసి ధైర్యం తెచ్చుకున్నాడు. నాకు మాత్రం ఆ ఆట చరిత్ర చదివాక భయం పట్టుకుంది.

1905 నాటికే ఆ ఆటలో కాలేజీ కుర్రాళ్ళు చచ్చిపోతున్నారని గోల పుట్టి, అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్టు హార్వర్డు, యేలు, ప్రిన్స్‌టన్ కాలేజీల వాళ్ళను వైట్ హౌసుకు పిలిపించి చీవాట్లు పెట్టాడు. మరుసటి ఏడాది నిబంధనలు మార్చారు. తరవాత తోలు టోపీలు పోయి గట్టి ప్లాస్టిక్ హెల్మెట్లు వచ్చాయి. ఇక భయం లేదనుకున్నారు. ఇక్కడే తమాషా జరిగింది. తలకు రక్షణ దొరికేసరికి ఆటగాళ్ళు తలనే ఆయుధం చేసుకున్నారు. పొట్టేలులాగా తల వంచి ఎదుటివాణ్ణి కుమ్మడం మొదలెట్టారు. మా ఇల్లెందు, మణుగూరు బొగ్గు గనుల్లో కార్మికుడూ హెల్మెట్ పెట్టుకుంటాడు. దాన్ని చూసుకుని ఎవడూ పైకప్పును కుమ్మడు! ఆటలో మాత్రం కుమ్మారు. 1968 ఒక్క ఏడాదిలోనే ఆ ఆటలో తగిలిన దెబ్బలవల్ల అమెరికాలో 36 మంది చనిపోయారు. ఎక్కువమంది బడిపిల్లలు. పుర్రె పగలకపోయినా, వంచిన తల మీద పడ్డ బరువంతా మెడపూసల మీదికి దిగి, మెడ విరిగి, కాళ్ళూ చేతులూ పడిపోయినవాళ్ళ లెక్క వేరే. జోసెఫ్ టోర్గ్ అనే ఎముకల డాక్టరు ఆ లెక్కలన్నీ కూర్చి, తప్పు తలతో కుమ్మడంలో ఉందని చూపించాడు. 1976లో బడులలోనూ కాలేజీలలోనూ అలా కుమ్మడం నిషేధించారు. ఆ ఏడాది మెడ విరిగి కాళ్ళూ చేతులూ పూర్తిగా పడిపోయినవారు 34 మంది. 1984 నాటికి ఆ లెక్క 5కు దిగింది. 1990లో, దెబ్బ తగిలి చచ్చిపోయినవాడు ఒక్కడూ లేని ఏడు మొదటిసారి వచ్చింది.  ఆ మార్పుకు ఒక ముఖ్య కారణం ఆ నిబంధనే.

అయితే డబ్బు తీసుకుని ఆడే పెద్దవాళ్ళ ఆట అంత తొందరగా మారలేదు. 1978 ఆగస్టు 12న ఓక్లండులో డారిల్ స్టింగ్లీ అనే ఆటగాడు బంతికోసం గాలిలోకి ఎగిరాడు. జాక్ టేటమ్ అనేవాడు ఎదురువచ్చి గుద్దాడు. మెడలో నాలుగో పూసా అయిదో పూసా విరిగాయి. స్టింగ్లీ మిగిలిన ఇరవై ఎనిమిదేళ్ళ చిల్లర జీవితమూ చక్రాల కుర్చీలోనే గడిపి, 2007లో 55వ ఏట పోయాడు. ఆరోజు రిఫరీ ఈల కూడా వేయలేదు. అప్పటి నిబంధనల ప్రకారం అది తప్పు కాదు. ఇంకో విచారం ఏమిటంటే, అది లెక్కలోకి రాని మ్యాచి. అసలు పోటీలకు ముందు సరదాగా ఆడేది.

ఇవన్నీ కంటికి కనిపించే దెబ్బలు. కనిపించని దెబ్బ మరొకటుంది. పిట్స్‌బర్గు జట్టులో మైక్ వెబ్‌స్టర్ అనే మహాబలుడుండేవాడు. ఆట మానేశాక మతిమరుపు, నిద్రలేమి, చిరాకు, చేతిలో డబ్బు నిలవకపోవడం. బండిలోనే పడుకున్న రోజులున్నాయట. 2002లో యాభయ్యో ఏట పోయాడు. బెన్నెట్ ఒమాలు అని నైజీరియా నుంచి వచ్చిన కుర్ర డాక్టరు శవపరీక్ష చేస్తూ, మెదడు పైకి మామూలుగానే ఉన్నా పలచని ముక్కలు కోయించి సూక్ష్మదర్శిని కింద చూశాడు. ఏళ్ళ తరబడి తిన్న చిన్నచిన్న దెబ్బల ఆనవాళ్ళు కనిపించాయి. 2005లో ఆ సంగతి ప్రచురిస్తే, ఆట యాజమాన్యం తరఫు డాక్టర్లు ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోమన్నారు. 2017లో బోస్టనువాళ్ళు ఆ లీగులో ఆడి పోయినవారి మెదళ్ళు 111 పరీక్షిస్తే 110లో ఆ జబ్బు ఉంది. అనుమానమున్న కుటుంబాలవాళ్ళే మెదళ్ళు దానమిచ్చి ఉంటారు గనక, ఆడినవాళ్ళందరికీ వస్తుందని దీని అర్థం కాదు. ఆ మాట ఆ పరిశోధకులే చెప్పారు. అయినా నూటపది మామూలు సంఖ్య కాదు.

ఇంతకీ కుర్రవాడు అడిగిన ప్రశ్నకు జవాబు 2022లో దొరుకుతుంది. సెప్టెంబరు 25న మయామీ జట్టు నాయకుడు టువా టాగోవైలోవా తల నేలకు కొట్టుకుంది. లేచాడు, నాలుగడుగులు వేసి తూలి కూలబడ్డాడు. కోట్లమంది చూశారు. నడుము నొప్పి అన్నారు. డాక్టర్లు చూసి పంపించారు, రెండో సగం ఆడాడు. సరిగ్గా నాలుగు రోజులకు ఇంకో మ్యాచిలో మళ్ళీ తల కొట్టుకుని, వేళ్ళు కొంకర్లు పోయి, స్ట్రెచరు మీద వెళ్ళాడు. అక్టోబరులో నిబంధన సవరించారు: దెబ్బ తగిలి తూలినవాడు, కారణం ఏం చెప్పినా సరే, ఆరోజు మళ్ళీ మైదానంలోకి రాకూడదు. అంటే చెప్పొచ్చేదేమిటంటే, ఆడగలనో లేదో చెప్పే అధికారం ఆటగాడి చేతిలోంచి తీసేశారు. ఎందుకంటే, దెబ్బ తగిలింది ఆ నిర్ణయం చేయవలసిన మెదడుకే గదా!

మన దగ్గర ఆ అధికారం ఎవరిదీ కాదు. చప్పట్లది. మనకు ఇదొక పాత అలవాటు. తెలుగు కుటుంబంలో పుట్టి, నాగపూరులో పెరిగి, భారత క్రికెట్టుకు తొలి టెస్టు నాయకుడైన సి.కె. నాయుడుగారు యాభై అయిదేళ్ళు దాటిన వయసులో, ఫడ్కర్ వేసిన బంతి మూతికి తగిలి రెండు పళ్ళు రాలితే, వాటిని బ్యాటుతో పక్కకు నెట్టి ఆడారని మా పెద్దలు కథలుగా చెప్పేవారు. ఆ కథ నాకూ ఇష్టమే. కాని పళ్ళు వేరు, పుర్రె వేరు. 1962లో బార్బడోసులో గ్రిఫిత్ వేసిన బంతి తలకు తగిలి నారీ కాంట్రాక్టరు ప్రాణాలమీదికి వచ్చింది. ఎదుటి జట్టు నాయకుడు ఫ్రాంక్ వొరెల్ రక్తమిచ్చాడు. కాంట్రాక్టరు బతికి బట్టకట్టాడు గాని మళ్ళీ టెస్టు ఆడలేదు. నాయుడుగారి పళ్ళ కథ చెప్పినంత తరచుగా ఈ కథ మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

ఇక, తల్లీ, నీకు వివరం. తల అదిరినప్పుడు స్పృహ తప్పాలనేం లేదు. జరిగింది గుర్తులేకపోవడం, తల దిమ్ముగా ఉండటం, వెలుతురు పడకపోవడం, తూలడం, ఊరికే విసుక్కోవడం, ఇవన్నీ మెదడు అదిరిన గుర్తులే. “స్కానింగు తీయించాం, ఏమీ లేదన్నారు” అని చాలామంది ధీమాగా ఉంటారు. స్కానింగులో కనిపించేది రక్తం గడ్డకట్టడమూ, ఎముక విరగడమూ. మెదడు అదరడం అందులో కనిపించదు. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి. తరవాత నడక, ఆపైన పరుగు, ఆపైన ఒంటరిగా సాధన, ఇలా ఒక్కొక్క మెట్టూ కనీసం ఒక్కో రోజు. తలనొప్పి తిరగబెడితే కింది మెట్టుకు దిగాలి. పట్టులోకి మాత్రం డాక్టరు సరేనన్నాకే. పదిహేడేళ్ళ పిల్లలకు పెద్దవాళ్ళకంటే ఎక్కువ రోజులు పడుతుంది. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు ఒక్కసారిగా ఉబ్బి ప్రాణం పోయిన సంఘటనలున్నాయి. అరుదే, కాని పోయినవాళ్ళలో ఎక్కువమంది నీ కొడుకు వయసువాళ్ళే. ఇక వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, లేపితే లేవనంత మత్తుగా ఉన్నా, ఒక చెయ్యో కాలో బలం తగ్గినా, మూర్ఛ వచ్చినా, చెవిలోంచో ముక్కులోంచో నెత్తురో నీళ్ళలాంటిదో కారినా, తెల్లవారేదాకా ఆగవద్దు.

కబడ్డీ అంత ప్రమాదమా అని మీరు కోప్పడకండి. నేను కబడ్డీ పక్షంవాణ్ణే. దాని నిబంధనలు రాసినవాళ్ళు బుద్ధిమంతులు. కూతగాడి నోరు మూయడం, గొంతు పట్టడం, కాళ్ళతో కత్తెర వేయడం, గాయమయ్యేట్టు మొరటుగా పట్టడం, ఇవన్నీ తప్పులని ఏనాడో రాసిపెట్టారు. పన్నెండు మందిలో ఏడుగురు ఆడుతుంటే అయిదుగురు బయట కూచుని ఉంటారు. ఒకణ్ణి బయటికి పిలిస్తే ఆట ఆగదు. చిక్కల్లా ఎక్కడంటే, 2014లో ప్రో కబడ్డీ వచ్చాక మన పిల్లలు తెలుగు టైటాన్స్ ఆటను టీవీలో చూసి ఎగరడాలూ, దూకడాలూ, ఒంటితో గుద్ది గీత బయటికి తోయడాలూ నేర్చారు. అక్కడ కింద మెత్తని చాప. ఇక్కడ ఎండిన వరిమడి. మొదళ్ళు కూడా సరిగ్గా తీయరు. మోకాలి లిగమెంటు తెగి చదువూ ఆటా రెండూ చెడినవాళ్ళు మా ఊరి చుట్టుపక్కలే ముగ్గురు నాకు తెలుసు. అంతకంటె భయం, కూతగాడు బోర్లా పడ్డాక మీద అయిదారుగురు గుట్టగా పడటం. గడ్డం నేలకు ఆని, మెడ వెనక్కి విరుచుకున్నవాడి మీద మూడు బస్తాల బరువు!

పడ్డాక ఏం చేస్తామన్నది ఇంకో కథ. 2023 జనవరి 2న సిన్సినాటీలో డమార్ హామ్లిన్ అనే 24 ఏళ్ళవాడు ఎదుటివాణ్ణి పట్టి కింద పడేశాడు. పడేశాక తానూ లేచాడు. మన మైకాయన ఉంటే చప్పట్లడిగేవాడే. రెండడుగులు వేసి వెనక్కి విరుచుకుపడ్డాడు. రొమ్ము మీద తగిలిన దెబ్బకు గుండె ఆగిపోయింది. క్షణాల్లో మనుషులు చేరి రొమ్ము నొక్కడం మొదలెట్టారు; గుండెకు కరెంటు ఇచ్చే యంత్రం పక్కనే ఉంది. బతికాడు, ఆ ఏడే మళ్ళీ ఆడాడు కూడా. అక్కడ ప్రతి మ్యాచికీ ముప్ఫైమంది దాకా వైద్య సిబ్బంది ఉంటారు.

మనకో? చర్ల నుంచి భద్రాచలం ఆసుపత్రికి అరవై కిలోమీటర్లు. అక్కణ్ణించి ఖమ్మం నూటఇరవై. వెన్నుపూస ఆపరేషను హైదరాబాదే అంటే మూడువందల పైచిలుకు. లోపలి గూడేల నుంచి రోడ్డుదాకా రావడం డోలీ మీదనో మంచం మీదనో. 2005లో 108 బండి వచ్చి చాలా ప్రాణాలు నిలబెట్టింది గాని, అది వచ్చేలోపు జరిగేది మన చేతుల్లోనే ఉంది. సాధారణంగా ఏం జరుగుతుందంటే, ఇద్దరు చంకల్లో చేతులు వేస్తారు, ఇద్దరు కాళ్ళు పడతారు, తల వేలాడుతుంటుంది. అలా ఎత్తి ఆటోలో కుదేస్తారు. విరిగిన పూస లోపలి నరాన్ని తెంపడానికి ఇంతకంటె మంచి పద్ధతి లేదు.

రెండేళ్ళ కిందట ఒక ఊళ్ళో ఈ ఘట్టమే నా కళ్ళముందు జరగబోయింది. కూతగాడు పట్టులో పడి లేవలేదు. “చేతులు తిమ్మిరెక్కినయ్” అంటున్నాడు. జనం మూగారు. ఒకడు నీళ్ళు తాగించబోతున్నాడు, ఒకడు మెడ సవరించబోతున్నాడు. అంతలో వెనకనుంచి ఒక కల్లుగీసే పెద్దాయన “ఎత్తకండ్రా! ముట్టుకోకండి!” అని ఒక కేక పెట్టి, జనాన్ని తోసుకుంటూ వచ్చి, మోకాళ్ళ మీద కూలబడి, ఆ పిల్లవాడి తలను రెండు అరచేతులతో అటూ ఇటూ కదలకుండా పట్టుకున్నాడు. “తమ్ముడూ, నన్నే చూడు, తల తిప్పకు” అంటూ అలాగే కూచున్నాడు. ముప్పావు గంట! 108 వాళ్ళు వచ్చి మెడకు పట్టీ వేసి, అయిదుగురు ఒక్కసారిగా దుంగను దొర్లించినట్టు దొర్లించి, పలక మీదికి చేర్చేదాకా చేతులు తీయలేదు. పూస చీలిందిగాని నరం చెడలేదు. ఆ పిల్లవాడు ఇప్పుడు నడుస్తున్నాడు, ఆట మానేశాడు.

నీకెలా తెలుసు పెద్దాయనా అని తరవాత అడిగాను. “మా అన్న తాటిచెట్టు మీంచి పడ్డాడు సారూ. పడ్డప్పుడు కాళ్ళు ఆడినయ్. మేం ఎత్తుకుని ఎడ్లబండిలో ఏసినంక ఆడలే” అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. 2024లో ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచమని పట్టీలూ తాళ్ళూ ఇవ్వడం మొదలెట్టిందని విన్నప్పుడు నాకు ఆయన అరచేతులే గుర్తొచ్చాయి.

మా పక్క ఊరి పోటీ ఇంకో మూడు వారాలుంది. కరపత్రం అచ్చుకు వెళ్ళకముందే కమిటీ వాళ్ళను కలిశాను. ఎక్కువ అడగలేదు. మడిలో మొదళ్ళు పీకి ఇసక కలిపిన మట్టి పోయించమన్నాను. బడిలో ఒక పొడుగాటి బల్ల, తలకు రెండుపక్కలా పెట్టడానికి రెండు ఇసక సంచులు, తాళం చెవులతో సహా ఒక బండి సిద్ధంగా ఉంచమన్నాను. రొమ్ము మధ్య రెండంగుళాలు దిగేట్టు నిమిషానికి నూరు నుంచి నూటఇరవై సార్లు నొక్కడం నలుగురు కుర్రాళ్ళకు ఆసుపత్రివాళ్ళచేత నేర్పించమన్నాను. వీటన్నిటికీ సరేనన్నారు, పొట్టేలు ఖరీదులో పదోవంతు కాదు. తల కొట్టుకున్నవాణ్ణి బయటికి పిలిచే మనిషి ఒకరుండాలి, ఆ మనిషి ఏ జట్టుకూ, దాతకూ చుట్టం కాకూడదు అన్నాను. అక్కడ పేచీ వచ్చింది. కెప్టెను ఒప్పుకోడన్నారు. రిఫరీకి చిన్నతనమన్నారు. ఫైనల్సులో మంచి కూతగాణ్ణి కూచోబెడితే జనం కుర్చీలు విసురుతారన్నారు. గంటసేపు ససేమిరా అన్నాక, ఊరి ఆశా కార్యకర్త పేరు ఎవరో ఎత్తారు. ఆవిడకు అందరి పిల్లలూ పుట్టినప్పటినుంచీ తెలుసు, ఆవిడ మాట కాదనరు అన్నారు.

ఆవిడను పిలిపించారు. అంతా విని ఒప్పుకుంది గాని ఒక షరతు పెట్టింది. “నేను బయటికి రమ్మన్నానంటే ఆ మాట మైకులో చెప్పాలె. పిల్లగాని చెవుల చెప్తే వాడు రాడు.”